బండి బెల్టును బిగబట్టు చిన్నచక్రము



చైత్ర పూర్ణిమకు సలేశ్వరము జాతర సాగు దినములలో లింగాల యూరికి నిదుర యుండదు. నల్లమల యడవిలోనికి బోవు యాత్రికులలో నొక పాయ ఈ యూరి మీదుగనే నడచును. పూర్వము కాలినడకను, ఎడ్లబండ్లమీదను వచ్చెడివారు. ఇప్పుడు వ్యానులలో క్రిక్కిరిసి వచ్చుచున్నారు. ఎండకాలము, నిండుబరువు, అడవిదారి. అట్టి వేళ ఇంజను ముందుభాగమున ‘కీచు’ మని ధ్వని పుట్టినచో పెడచెవిని బెట్టరాదని చెప్పుటకే నేడీ ప్రసంగము.

మీరందరును పిండిగిర్నిని చూచినవారే. ఇంజను ఒకచోట, తిరుగలిరాయి వేరొకచోట, నడుమ పొడవైన పటా. పటా సడలెనా, ఇంజను తిరుగుచునే యుండును గాని రాయి కదలదు. గిర్నివాడు పటాపై జిగురుపొడి చల్లి ఆ పూట గడుపుకొనును. పని తెలిసినవాడైనచో ఇంజనును దిమ్మెమీద నొకింత వెనుకకు జరిపి పటాను బిగించును. వ్యానులోను సంగతి యిదియే. ఇంజను అడుగునుండు పెద్దపుల్లీ నుండి బలము గైకొని యొక రబ్బరు బెల్టు డైనమోను, పెక్కు బండ్లలో నీటిపంపును, ఏసీ యంత్రమును గూడ త్రిప్పుచుండును.

1984లో మన దేశమున వెలువడిన మారుతీ వ్యానులో ఈ బెల్టును బిగించుట సులభము. డైనమో బోల్టును వదులుచేసి, డైనమోను ప్రక్కకు లాగిపట్టి, మరల బిగించినచో చాలును. తరువాత వచ్చిన పెక్కు బండ్లలో చాళ్లుగల యొకే పొడవైన బెల్టు పాము మెలికలవలె అన్ని చక్రములను చుట్టివచ్చును. దానిని నిరంతరము బిగువుగా నుంచుటకు టెన్షనరు అను సాధనము నమర్చిరి. అది యొక యినుపచేయి. మొదట బలమైన స్ప్రింగు, కొనను చిన్నచక్రము. బెల్టు సాగినకొలది స్ప్రింగు ఆ చేతిని దానిపైకి ఒత్తుచుండును. బండి తోలువాడు ఎడ్లు నడచినను నిలిచినను పగ్గము సడలకుండ పట్టుకొనునట్లే యిదియును.

కాని స్ప్రింగు కాలక్రమమున అలసిపోవును. చక్రములోని బేరింగునందు గ్రీజు ఎండిపోవును; మన మట్టిబాటల దుమ్ము దానికి తోడగును. అయినను ధ్వని పుట్టినప్పుడెల్ల నింద పడునది బెల్టుమీదనే. నిరుడు నా మిత్రుని మనుమడు వ్యానుతో వచ్చి, “తాతా, ఆరునెలలలో రెండు బెల్టులు మార్చితిని. దుకాణపువాడు నాసిరకపుది అంటగట్టినాడు” అని మొరపెట్టుకొనెను. “బిడ్డా, బెల్టు విప్పి ఆ చిన్నచక్రమును చేతితో త్రిప్పి చూడుము” అంటిని. త్రిప్పగా లోపల ఇసుక పోసినట్లు గరగర లాడెను. పట్టి కదపగా అటునిటు ఊగెను. పాపము, దుకాణపువాని దోష మేమియు లేదు! వంకరగా నడచు చక్రము కొత్తబెల్టు అంచులను కొరికివేయుచుండెను.

దీనిని ఉపేక్షించినచో నష్టము బెల్టు వెలతో పోదు. బెల్టు తెగినచో డైనమో ఆగును, ఎదుటి పలకపై బ్యాటరీ గుర్తుగల యెర్రదీపము వెలుగును. నీటిపంపు ఆ బెల్టుతోడనే తిరుగు బండియైనచో నిమిషములలో ఇంజను కాగిపోయి హెడ్డు వంకరపోవును. దానికగు ఖర్చు వేలతో తీరదు. అంతకంటెను భయంకరమైన దొకటి గలదు. కొన్ని డీజిలు బండ్లలో బ్రేకునకు సాయపడు గాలిపంపు డైనమో తోకకే తగిలించి యుండును. డైనమో ఆగెనా, రెండుమూడు తొక్కుళ్లకు బ్రేకు రాయివలె గట్టిపడును. వాలుమీద, జనముతో నిండిన బండిలో, అది యెట్టి సంగతియో మీరే యూహింపుడు.

మార్చుపని కష్టమైనది కాదు, కాని తొందర కూడదు. ఇంజనును చల్లారనిచ్చి, బ్యాటరీ నల్లతీగను విప్పవలెను. బెల్టు ఏ చక్రముపై నెట్లు పోవుచున్నదో కాగితముపై గీసికొనుట మరువరాదు. ఈ గీత లేక సగము దినము పోగొట్టుకొన్న మేస్త్రీలను నేనెరుగుదును. తరువాత టెన్షనరు చేతికి పానపట్టి, స్ప్రింగునకు ఎదురు త్రిప్పి, బెల్టును జార్చి, చేతిని మెల్లగా వదలవలెను. చటుక్కున వదలినచో వ్రేళ్లు నలుగును. పాతదానిని విప్పి, కొత్తదానిని ప్రక్కన బెట్టి పోల్చిచూడవలెను. దాని వెనుక చిన్నముల్లు ఉన్నచో, అది ఇంజనుమీది రంధ్రములో సరిగా కూర్చున్న పిమ్మటనే బోల్టును, తయారుచేసినవారు చెప్పిన బిగువుకు, బిగింపవలెను. బెల్టు విప్పియుండగనే తక్కిన చక్రములనుగూడ చేతితో త్రిప్పి చూడుడు. బెల్టు చాళ్లు పుల్లీ చాళ్లలో కూర్చున్నవో లేదో ఒక్కొక్కచోట వ్రేలితో తడవి చూచి, అటుపై ఇంజను నడుపవలెను. చేయి నిలకడగా నుండవలెను, వణకరాదు.

కొన్ని ఇంజనులలో మూతలోపల టైమింగు బెల్టు అని మరియొకటి గలదు. దాని జోలికి ఇంటివద్ద పోరాదు. అది ఒక్క పన్ను తప్పినను వాల్వులు విరుగవచ్చును.

బెల్టు మీద సబ్బు, జిగురు రాచి ధ్వని మాన్పుట వలదు. ధ్వని పోవును, జబ్బు పోదు. మీ పిల్లలు అప్పుచేసి కొన్న బండియైనచో, బెల్టు మార్చునపుడెల్ల టెన్షనరును చూపింపుమనుడు. అరిగినచో రెంటిని కలిపియే మార్పింపుడు. విప్పిన పాతబెల్టు పగుళ్లు లేనిదైనచో పారవేయక, పానతోగూడ బండిలోనే యుంచుడు. అడవిదారిలో ఆ యెర్రదీపము వెలిగినచో, బ్రేకు మెత్తగా నుండగనే బండిని ప్రక్కకు దీసి ఇంజను నార్పవలెను. రేడియేటరు మూతను మాత్రము చల్లారువరకు ముట్టరాదు.