రాయిని తిరగేసిన శిల్పి

పట్టాలు అందుకుంటున్న శిల్ప, చిత్రకళా విద్యార్థులారా!

ఒక్క రాయి గురించి చెప్పాలని మీ ముందుకు వచ్చాను. అమరావతి మహాచైత్యానికి పొదిగిన పలక అది. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో ఒక శిల్పి దాని మీద బోధివృక్షాన్ని చెక్కాడు. చెట్టు కింద ఆసనం, పాదాల గుర్తులు, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడు మాత్రం కనిపించడు. దాదాపు 300 ఏళ్ల తరవాత మరో శిల్పి అదే పలకను తిరగేసి వెనకవైపున ఒక స్తూపం చెక్కాడు. ఆ స్తూపం వాకిట్లో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు.

మొదటివాడికి మనిషిని చెక్కడం రాక ఆసనాన్ని ఖాళీగా వదిలాడా? ఆ భక్తుల నడుముల వంపు చూడండి, తలపాగాల మడతలు చూడండి. అంత పనితనం ఉన్నవాడికి బుద్ధుడి ముఖం ఒక లెక్కా? చెక్కకూడదనుకున్నాడు కనుక చెక్కలేదు. అమరావతి శిల్పుల చేతిలో మహాభినిష్క్రమణ ఘట్టం కూడా ఇలాగే సాగింది. గుర్రం బయల్దేరింది, పైన గొడుగు పట్టారు, జీను మీద ఎవరూ లేరు. నిర్వాణం పొందినవాడిని మళ్లీ దేహంలో బంధించడం ఇష్టం లేకపోయిందని కొందరు పండితులంటారు. అవి బుద్ధుడి కథలే కావు, భక్తులు దర్శించుకునే పవిత్రస్థలాల చిత్రణలని మరికొందరు వాదిస్తారు. ఆ చర్చ ఇంకా తెగలేదు. నాకు మాత్రం ఆ ఖాళీ ఆసనం ముందు నిలబడితే, అందులో కూర్చున్నవాణ్ణి చూసేవాడే ఊహించుకోవాలని శిల్పి కోరినట్టు అనిపిస్తుంది.

రెండో శిల్పి కాలానికి భక్తి మారింది. స్వామిని కళ్లారా చూడాలన్న కోరిక బలపడింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి బుద్ధుణ్ణి గమనించండి. కుడి భుజం మీద బట్ట ఉండదు. ఎడమ భుజం మీదుగా దిగిన చీవరం పాదాల దగ్గర బరువైన మడతగా ముగుస్తుంది. ఆ పోలికలే సింహళంలోని అనురాధపుర విగ్రహాలలోనూ కనిపిస్తాయి. మన కృష్ణాతీరపు ఉలి సముద్రం దాటి వెళ్లిందని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది.

ఇక మన కాలానికి వస్తే, హైదరాబాదు హుస్సేన్‌సాగర్ బుద్ధుడు. గణపతి స్థపతి చేతి పని, 58 అడుగుల ఏకశిల. 1990లో తీసుకెళ్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీట మునిగింది, ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో నిలబెట్టారు. అమరావతి నాజూకు ఇందులో లేదని పెదవి విరిచేవాళ్లను చూశాను. ఆ మాట అన్యాయం. పల్నాటి సున్నపురాయి మెత్తన, వెంట్రుకంత గీతను కూడా నిలుపుకుంటుంది. ఈ విగ్రహపు గ్రానైటు అలా లొంగదు. అమరావతి పలకను భక్తుడు ప్రదక్షిణ చేస్తూ దగ్గరినుంచి చూసేవాడు. హుస్సేన్‌సాగర్ విగ్రహాన్ని ట్యాంక్‌బండ్ మీద వెళ్లేవాడు నీటికి ఇవతలినుంచి చూస్తాడు. అంత దూరానికి సన్నని మడతలు ఆనవు, నిండైన ఆకారమే ఆనుతుంది. ఒక కాలపు శిల్పాన్ని మరో కాలపు కొలతతో కొలిచే ముందు రాయి ఏది, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు అని అడగండి.

మళ్లీ ఆ పలక దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా మనసంతా అక్కడే ఉంది. రెండో శిల్పి పాత బొమ్మను చెరిపేసి దాని మీదే కొత్తది చెక్కగలిగేవాడే. అతడు చెరపలేదు. అందుకే ఇవాళ రెండూ మనకు దక్కాయి. అమరావతి పలకలు ఎన్నో తరవాతి రోజుల్లో సున్నం కోసం బట్టీల్లో కాలిపోయాయి. కట్టడాలకు పోయినవి మరికొన్ని. 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికే తవ్వి తీసుకుపోవడం మొదలైంది.

రేపు మీలో కొందరు గుళ్ల జీర్ణోద్ధరణలో పనిచేస్తారు, కొందరు కొత్త విగ్రహాలకు ఒప్పందాలు రాసుకుంటారు. పాత విగ్రహం అరిగిపోయింది, తీసేయమని ఎవరైనా అంటే వెంటనే ఉలి ఎత్తకండి. ముందు దాన్ని గీసుకోండి, కొలతలు రాసుకోండి, ఫోటోలు తీయించండి, పురావస్తు శాఖకు కబురు చేయండి. ఉద్యోగంలో చేరేలోగా అమరావతి పలకలున్న చెన్నై ఎగ్మూరు మ్యూజియానికీ, అమరావతికీ, నాగార్జునకొండకూ ఒకసారి వెళ్లండి. కెమెరాతో సరిపెట్టుకోకుండా పెన్సిలు తీసుకువెళ్లండి.