ఫేర్‌వెల్ రోజు మైక్ ఎవరి చేతిల ఉండాలె?

ఈ రోజు టాపిక్ పేరు వింటే చిన్నదే అనిపిస్తది. ఎంఏ ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లో ఇయర్ ఎండింగ్ ఫంక్షన్. అదే, ఫేర్‌వెల్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సైడ్ చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం స్పెషల్‌గా చేస్తున్న ఎపిసోడ్ ఇది. వేరే జిల్లాలవాళ్లు కూడా వినండి, మీ కాలేజీలో కథ కూడా పెద్ద తేడా ఏమీ ఉండదు.

ముందు రెండు ముక్కల్లో బ్యాక్‌గ్రౌండ్. పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది. మెయిన్ క్యాంపస్ మహబూబ్‌నగర్‌లో ఉంది. పీజీ సెంటర్లు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లో ఉన్నాయి. కొల్లాపూర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా కిందికి వస్తది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇదంతా ఒక్కటే మహబూబ్‌నగర్ జిల్లా. వలస కూలీలకు పేరు పడిన జిల్లా. అలాంటి చోట ఒకరు సీపీగెట్ రాసి, సీటు తెచ్చుకుని, రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు షేక్‌స్పియర్ నుంచి ఇండియన్ రైటింగ్ దాకా చదివి బయటకొస్తున్నారంటే అది చిన్న విషయం కాదు. వీళ్లలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషి వీళ్లే అయ్యే ఇళ్లు ఎన్నో.

ఇప్పుడు ఫంక్షన్‌కు వద్దాం. మన దగ్గర ఫేర్‌వెల్ ఎట్ల జరుగుతది? జూనియర్లు చందాలు వేసుకుంటరు. ఫ్లెక్సీ కొట్టిస్తరు. అమ్మాయిలు చీరలు కడతరు, గద్వాలలో అయితే ఇక చెప్పక్కర్లేదు. అబ్బాయిలు వైట్ షర్ట్. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. తర్వాత గెస్టుల స్పీచులు. ఒకరి తర్వాత ఒకరు. "ఇంగ్లిష్ ఈజ్ ఎ గ్లోబల్ లాంగ్వేజ్" అని మొదటి గెస్ట్ చెప్తరు, మూడో గెస్ట్ కూడా అదే చెప్తరు. ఈలోపు భోజనాలు రెడీ, బగారా అన్నం వాసన వస్తుంటది. ఎవరూ స్టేజీ దిక్కు చూడరు.

చివరికి యాంకర్ అంటది, "ఇప్పుడు సీనియర్స్ తమ ఫీలింగ్స్ షేర్ చేసుకుంటరు" అని. టైమ్ చూస్తే సాయంత్రం అయిపోయింది. ఊరి బస్సు పోతది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి రోజూ ఊరి నుంచి వచ్చిపోయే చెల్లెళ్లు ఉన్నరు. మంచిదే. కానీ ఆ చివరి బస్సు మిస్సయితే ఇంటికి పోవడానికి వేరే దారి ఉండదు. అందుకే ఇద్దరో ముగ్గురో మాట్లాడుతరు. అదీ ఎవరు? ఫస్ట్ ఇయర్ నుంచి మాట్లాడుతున్న ఆ ముగ్గురే. మిగతావాళ్లు "థాంక్యూ ఆల్" అని దిగిపోతరు. తర్వాత డీజే.

డీజే వద్దని నేను అనట్లేదు. డ్యాన్స్ చేయండి, అది మీ రోజు. నా ప్రశ్న ఒక్కటే. రెండేళ్లు ఇంగ్లిష్ చదివిన మనిషి, ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో, తన పేరు మీద జరిగే రోజు, మూడు నిమిషాలు మాట్లాడకుండా ఎందుకు ఇంటికి పోవాలె?

ఇది ఎందుకంత పెద్ద విషయం అంటే, ఆ రోజు మాట్లాడే ఇంగ్లిష్‌కు మార్కులు లేవు. అది గమనించండి. సెమినార్‌కు మార్కులు ఉంటయి. వైవాకు ఉంటయి. రేపు లెక్చరర్ ఉద్యోగానికి పోతే కొన్ని చోట్ల డెమో ఉంటది. అన్ని చోట్లా ఎదుటివాళ్లు తప్పులు లెక్కపెట్టడానికే కూర్చుంటరు. ఫేర్‌వెల్ ఒక్కటే వేరు. ఎదురుగా కూర్చున్నవాళ్లు నీతో పాటు ఒకే బెంచీ మీద నిద్రపోయినవాళ్లు. నీ "ఈజ్" "ఆర్" కలిసిపోయినా చప్పట్లు కొట్టేవాళ్లు. అలాంటి ఆడియన్స్ జీవితంలో మళ్లీ దొరకదు.

రెండో కారణం కూడా ఉంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ పిల్లలు పెరిగి ఇంటర్‌కు, డిగ్రీకి వస్తరు. వాళ్ల ముందు నిలబడేది ఎవరు? ఈ పీజీ సెంటర్ల నుంచి పోయినవాళ్లే కదా. మైక్ చూసి భయపడ్డ సార్ దగ్గర చదివిన పిల్లలు మైక్ చూసి భయపడతరు. ఎక్కడో ఒక దగ్గర ఈ గొలుసు తెంపాలె. ఫేర్‌వెల్ దగ్గర తెంపితే ఖర్చు కూడా ఉండదు.

ఇప్పుడు ఒక చిన్న మాట ముచ్చట. "ఫేర్‌వెల్" అంటే ఏంది? పాత ఇంగ్లిష్‌లో "ఫేర్" అంటే పోవడం, ప్రయాణం చేయడం. బస్ ఫేర్ అంటం చూడండి, ఆ ఫేర్ కూడా అక్కడి నుంచి వచ్చిందే. అంటే ఫేర్‌వెల్ అంటే "మంచిగ పో" అని. పోయేవాళ్లకు ఉండేవాళ్లు చెప్పే మాట. మరి మన దగ్గర? పోయేటోళ్లు "పోతున్న" అనరు. అంటే అమ్మ తిడతది. "పోయొస్త" అంటరు. పోవడంలోనే రావడం ఉంది. ఈ తేడాను ఇంగ్లిష్‌లో ఎట్ల చెప్తరు? "ఐ విల్ గో అండ్ కమ్" అంటే నవ్వుతరు. కానీ ఆలోచించండి, ఆ వాక్యంలో తప్పు ఏముంది? అది మన అలవాటు ఇంగ్లిష్‌లోకి పోయి కూర్చుంది, అంతే. ఇలాంటి ఒక్క మాట తీసుకుని మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. దానికి పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. మీ ఇంటి మాట తెలిస్తే చాలు.

సరే, మాట్లాడాలె అంటే మాట్లాడరు, అది నాకూ తెలుసు. "రండి, భయపడకండి" అంటే ఇంకా వెనక్కి పోతరు. అందుకే ఒక ఐడియా. ఇది కొత్తది కాదు, ఈ నేల మీదే ఉన్నది.

గద్వాల సంస్థానం పేరు విన్నారు కదా. విద్వద్గద్వాల అనేవాళ్లు. దేశంలో ఎక్కడెక్కడి పండితులు, కవులు ఇక్కడికి వచ్చేవాళ్లు, సభలు జరిగేవి, సన్మానాలు జరిగేవి. వనపర్తి, కొల్లాపూర్ కూడా సంస్థానాలే. అంటే ఇప్పుడు మన పీజీ సెంటర్లు ఉన్న మూడు ఊర్లూ ఒకప్పుడు సంస్థానాల ఊర్లు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడిచింది, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచింది. రాజుల కాలం గొప్పది అని నేను చెప్పట్లేదు. ఆ సభల్లోకి అందరికీ ఎంట్రీ ఉండేది కాదు, అందులో డౌట్ లేదు. కానీ ఆ సభల్లోని ఒక ఆటను మనం తీసుకోవచ్చు. అదే అష్టావధానం.

తెలియనివాళ్లకు సింపుల్‌గా చెప్తా. మధ్యలో ఒకరు కూర్చుంటరు, ఆయన అవధాని. చుట్టూ ఎనిమిది మంది, వాళ్లు పృచ్ఛకులు, అంటే అడిగేవాళ్లు. ఒకరు ఒక అక్షరం నిషేధిస్తరు. ఒకరు నాలుగు మాటలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటరు. ఒకరు ఏదైనా వర్ణించమంటరు. ఒకాయన పనే మధ్యలో అడ్డం పడి సంబంధం లేని ప్రశ్నలు అడగడం. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటరు. జనం ఎక్కువ ఎంజాయ్ చేసేది దాన్నే.

ఇప్పుడు దీన్ని ఇంగ్లిష్‌లో ఆడండి. సీనియర్ ఒకరు కుర్చీలో, జూనియర్లు చుట్టూ. మూడు నిమిషాలు. పద్యాలు వద్దు, మామూలు మాటలే.

నిషిద్ధాక్షరి: ఒక నిమిషం మాట్లాడాలె, "యాక్చువల్లీ" అనకూడదు. "బేసికల్లీ" కూడా బంద్. ట్రై చేయండి, నాకే కష్టం.

దత్తపది: నాలుగు మాటలు ఇస్తరు. మగ్గం, సద్ది, కృష్ణానది, వాట్సాప్. ఈ నాలుగూ వచ్చేటట్టు ఇంగ్లిష్‌లో ఒక చిన్న కథ చెప్పాలె. "సద్ది"ని ఏమంటరు? లంచ్ బాక్స్ అంటే సరిపోతదా? పొలానికి పొద్దున్నే మూట కట్టుకుని పోయే అన్నం లంచ్ బాక్స్ ఎట్ల అయితది? చూడండి, అక్కడే ట్రాన్స్‌లేషన్ క్లాస్ మొదలైంది.

వర్ణన: పొద్దున ఎనిమిదింటికి గద్వాల బస్టాండ్. లేదా సోమశిల దగ్గర కృష్ణ. లేదా ఎగ్జామ్ ముందు రోజు హాస్టల్.

సమస్యాపూరణం: ఒక విచిత్రమైన చివరి వాక్యం ఇస్తరు, కథ అక్కడికి రావాలె. ఉదాహరణకు, "అందుకే హ్యామ్లెట్ వనపర్తి బస్సు ఎక్కాడు."

అప్రస్తుత ప్రసంగం: ఇదైతే మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. "అక్కా, పెళ్లెప్పుడు?" "అన్నా, ఎంఏ ఇంగ్లిష్ చేస్తే ఏం జాబ్ వస్తది?" ఊర్లో అందరూ అడిగే ప్రశ్నలే. కాకపోతే ఈసారి జవాబు ఇంగ్లిష్‌లో, నవ్వుతూ చెప్పాలె.

ఇది ఎందుకు పని చేస్తది అంటే, స్పీచ్‌లో అందరి చూపు నీ గ్రామర్ మీద ఉంటది. ఆటలో అందరి చూపు ఆట మీద ఉంటది. నువ్వు "యాక్చువల్లీ" అన్నావా లేదా అని వెతుకుతరు కానీ నీ టెన్స్ ఎవరూ చూడరు. నేను ఉద్యోగం చేసినప్పుడు పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉండేది, ప్రతి ఒక్కరూ రెండు నిమిషాలు చెప్పాలె. మొదటి వారం ఒక్క మాట రానివాళ్లు కూడా రెండు నెలల్లో అలవాటు పడ్డారు. ఎవరూ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు చేయలేదు. వాళ్ల వంతు రోజూ వచ్చింది, అంతే. వంతు రావడం ముఖ్యం.

ఇక రెండో పని, రాసి పెట్టడం. దీనికి కూడా ఇక్కడి మనిషే ఉదాహరణ. సురవరం ప్రతాపరెడ్డి గారు. 1896లో పుట్టారు, గద్వాల ప్రాంతం మనిషి. గోల్కొండ పత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరు అని ఒక మాట వచ్చింది. ఆయన ఏం చేశారు? వాదన పెట్టుకుని కూర్చోలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో గోల్కొండ కవుల సంచిక వేశారు. 354 మంది కవులు! అదే జవాబు. అదే మనిషి 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఆయన పోయాక 1955లో, ఆంధ్రుల సాంఘిక చరిత్ర పుస్తకానికి తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇప్పుడు మన మీద ఉన్న మాట ఏంది? "పాలమూరు పిల్లలకు ఇంగ్లిష్ రాదు." దీనికి కోపం తెచ్చుకుంటే లాభం లేదు. సంచిక వేయండి. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటే అన్ని పేజీలు. ఒక్కొక్కరిది ఒక్క పేజీ. మీ నాయనమ్మ చెప్పిన ఒక కథ ఇంగ్లిష్‌లో. లేదా ముంబై, పుణే పోయి పని చేసొచ్చిన మీ ఊరి మనిషి చెప్పిన ముచ్చట. లేదా మన పాలమూరు మాటలు పది, వాటికి ఇంగ్లిష్‌లో మీరు వెతికిన అర్థాలు. ప్రింట్ అక్కర్లేదు, ఫోన్‌లో టైప్ చేసి పీడీఎఫ్ చేయండి. డిపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టండి, ఒక కాపీ లైబ్రరీలో ఉంచండి. ఐదేళ్లయితే ఐదు సంచికలు. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న గారికి 2021కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన పాటను ఇంగ్లిష్ చదివేవాళ్లకు చేర్చే పని ఎవరు చేయాలె? ఊరి మాట తెలిసి, ఇంగ్లిష్ చదివిన మీకంటే దగ్గరివాళ్లు ఎవరున్నరు?

ఇప్పుడు ప్రాక్టికల్ విషయాలు, తొందరగా చెప్పేస్తా.

ఒకటి, ఆర్డర్ మార్చండి. మొదటి గంట స్టూడెంట్స్‌ది. గెస్టుల మాటలు తర్వాత. సార్లు, మేడమ్‌లకు ముందే మర్యాదగా చెప్పండి: "సార్, ఈసారి మేం మాట్లాడుతం, మీరు వినండి" అని. చాలామంది టీచర్లు సంతోషంగా ఒప్పుకుంటరు, రెండేళ్లు వాళ్లు అడిగింది అదే కదా.

రెండు, పొద్దున పదింటికే మొదలుపెట్టండి. చివరి బస్సుకు గంట ముందే స్టేజీ ప్రోగ్రామ్ అయిపోవాలె. ముప్పై మంది ఉంటే మూడు నిమిషాల లెక్కన గంటన్నర. అయిపాయె.

మూడు, ఇది చాలా ముఖ్యం. ఫోన్లు. ఎవరైనా తడబడితే ఆ క్లిప్ కట్ చేసి, వెనక కామెడీ మ్యూజిక్ పెట్టి రీల్ చేసేటోళ్లు ఉంటరు. దయచేసి చేయకండి. ఆ పదిహేను సెకన్ల రీల్ వల్ల ఒక మనిషి పదేళ్లు మైక్ పట్టుకోకపోవచ్చు. మాట్లాడిన మనిషిని అడగకుండా వీడియో బయట పెట్టొద్దు అని యాంకర్ మొదట్లోనే అనౌన్స్ చేయాలె. స్టేజీ భయం కంటే ఇప్పుడు రీల్ భయం ఎక్కువ.

నాలుగు, తెలుగులో మాట్లాడాలనిపిస్తే తెలుగులో మాట్లాడండి. మధ్యలో ఇంగ్లిష్ ఆగిపోతే తెలుగులోకి వచ్చి మళ్లీ పోండి. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ అంటే తెలుగు మర్చిపోయేవాళ్లు ఉండే చోటు కాదు. రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరగగలిగేవాళ్లు తయారయ్యే చోటు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు ఇప్పుడు కావలసింది వాళ్లే.

సో, జూనియర్స్, ఈసారి ఫేర్‌వెల్ మీ చేతిలో ఉంది. ఫ్లెక్సీ మీద డబ్బు కొంచెం తగ్గించి, ఇంకో మంచి మైక్ అద్దెకు తెండి. సీనియర్స్, మీ వంతు వచ్చినప్పుడు "థాంక్యూ ఆల్" అని దిగకండి. కనీసం ఒక్క నిమిషం నిలబడండి. మీ క్లాస్‌లో రెండేళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడని ఫ్రెండ్ ఎవరో మీకు తెలుసు కదా, ఈ వీడియో వాళ్లకే పంపండి. దత్తపదికి ఇచ్చిన నాలుగు మాటలతో కథ అల్లినవాళ్లు కింద కామెంట్‌లో పెట్టండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో నేను చదువుతా. ఇప్పటికైతే, పోయొస్త.