కంప్యూటరులోని ఇంటి దస్త్రము

పూర్వము ఇంటి పత్రములకు భోషాణ ముండెడిది. నేడు దాని స్థానమును కంప్యూటరులోని హార్డు డిస్కు ఆక్రమించినది. పొలము కాగితములు, పెండ్లి ఫొటోలు, కీర్తిశేషురాలైన తల్లిగారి కంఠస్వరము, అన్నియు అందే యున్నవి. భోషాణమునకు చెద పట్టినను కొన్ని కాగితములు మిగులును. డిస్కు చెడినచో తరచుగా అంతయు ఒక్కసారే పోవును. నిమిషమునకు 5400 లేక 7200 పర్యాయములు తిరుగు పళ్లెములపై, వెండ్రుకకంటె ఎన్నో రెట్లు సన్నని యెడముతో, చదువు ముల్లు సంచరించుచుండును. అట్టి యంత్రము ఏనాటికైన ఆగుట వింత కాదు. పళ్లెములు లేని కొత్తరకపు డిస్కులును చెడునవే.

కావున నకలు తీయవలెను. అందుకు ముందు కొంత సర్దవలెను. పత్రములు, ఫొటోలు వేర్వేరు ఫోల్డరులలో నుంచి, పేరునకు ముందు 2024-03-15 అనునట్లు తేదీ వ్రాసినచో అవి తమంత తామే కాలక్రమమున నిలుచును. ఇంతకు మించిన సర్దుబాటు అనవసరమని నా యభిప్రాయము; సర్దుటలోనే నెలలు గడిపి నకలు మాట మరచువారు కలరు.

అదే డిస్కులో వేరొక ఫోల్డరున పెట్టినది నకలు కాదు. ఎల్లప్పుడును తగిలించి యుంచిన వెలుపలి డిస్కును నమ్మరాదు. 2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై వంటి దుష్ట ప్రోగ్రాములు తగిలియున్న డిస్కులకు గూడ తాళము వేయును. మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, ఒక ప్రతి వేరొక చోట: ఇది వాడుకలోనున్న సూత్రము. వేరొక చోటనగా అన్నగారి యిల్లైనను సరియే.

1998లో అమెరికాయందలి పిక్సార్ సంస్థలో, ‘టాయ్ స్టోరీ 2’ చిత్రపు ఫైళ్లు ఒక్క పొరపాటు ఆజ్ఞతో చెరిగిపోయినవి. నకళ్ల యేర్పాటు కొంతకాలముగా సరిగా పనిచేయుటలేదని అప్పుడుగాని తెలియలేదు. పసిబిడ్డ గల కారణమున ఇంటినుండి పనిచేయుచుండిన గాలిన్ సస్మన్ అను ఉద్యోగిని కంప్యూటరులో ఒక ప్రతి యుండుటచే చాలభాగము దక్కినది.

తెలుగువారి కింకొక చిక్కు గలదు. యూనికోడు వ్యాపింపక పూర్వము ‘అను’ మొదలగు ఫాంటులలో టైపు చేసెడివారు. ఆ ఫాంటు లేనిచో తాతగారి స్వీయచరిత్ర అర్థములేని గుర్తులుగా కనబడును. ఫైలు పదిలముగనే యుండును. చదువుటకు మాత్రము వీలుండదు. అట్టివానిని ఇప్పుడే యూనికోడునకు మార్చి, పీడీఎఫ్ ప్రతి యొకటి తీసి, ఫాంటును గూడ జతచేసి దాచుడు.

ఆరునెలల కొకసారి నకలు డిస్కును మరియొక కంప్యూటరునకు తగిలించి, ఒక ఫొటో, ఒక పత్రము, ఒక పాట తెరచి చూడుడు. ఏదైన తెరచుకొననిచో, అసలు ప్రతి యింకను చేతిలో నున్నది గనుక, ఆ దినముననే మరల నకలు తీయవచ్చును.