పాత స్పోర్ట్సు కారునకు క్రొత్త కమానులు

జట్కాబండి యెక్కినవారికి కమాను అన నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎద్దుబండిలో ఇరుసు నేరుగా బండికే తగిలియుండును. చక్రము రాతిమీద పడిన, ఆ దెబ్బ మన నడుమునకు చేరును. జట్కాకు ఇరుసునకును పెట్టెకును నడుమ ఉక్కుపట్టీల కట్ట యుండుటచే ఆ దెబ్బ మెత్తబడును. మోటారుకారు ఈ విద్యను గుఱ్ఱపుబండి వద్దనే నేర్చుకొన్నది. పాతబడిన స్పోర్ట్సు కారును కొని బాగుచేయబూనువాడు ఈ కమానుల విషయమున ఏవి మార్చవలెను, ఏవి మార్చక విడువవలెను అను ప్రశ్నను గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింపదలచితిని.

కార్లన్నిటికిని కలిపి ఒకే మాట చెప్పబూనుట వృథా. కావున ఒక్క కారును తీసికొందును. ఇంగ్లండునందలి ఆబింగ్‌డన్ కార్ఖానాలో 1962 మొదలు 1980 వఱకు తయారైన ఎం.జి.బి. అది. అయిదు లక్షలకు పైగా వెలువడినది; అందు పెక్కులు అమెరికాకు పోయినవి. నేటికిని ఎన్నో నడచుచున్నవి. విడిభాగములును సులభముగా దొరకుచున్నవి. ఆ సులభతయే ఒక చిక్కు. భాగములమ్మువారి జాబితాలు పురాణగ్రంథములంత లావున నున్నవి. ప్రతి పుటయందును ఎఱ్ఱరంగు పూసిన స్ప్రింగో, నిగనిగలాడు కడ్డీయో నన్ను కొనుమని పిలుచుచుండును. కొనుటకు ముందు బండిలో నేమున్నదో తెలియవలెను గదా!

ఈ కారు ముందు చక్రములకు చుట్టస్ప్రింగులు. క్రింద నొక చేయి, పైన నొక చేయి చక్రమును పట్టియుండును. ఆ పైచేయి కొంత విచిత్రమైనది: ఆర్మ్‌స్ట్రాంగు వారి లీవరు షాక్ అబ్జార్బరునకు గల చేయియే చక్రమునకు పైచేయిగా కూడ పనిచేయును. వెనుకభాగము మన జట్కాకు దగ్గరి చుట్టము: ఒకే గట్టి ఇరుసు, రెండు కమానుకట్టలు. ఈ కట్టలు బరువు మోయుటయే గాక, ఇరుసు ముందువెనుకలకు జరుగకుండ పట్టియుంచు భారము కూడ వానిదే. ఒక్క భాగము రెండు పనులు చేయుచున్న చోట, ఒక పనికొఱకై దానిని మార్చినచో రెండవ పని చెడును. ఈ మాట ముందుకు పనికివచ్చును.

షాక్ అబ్జార్బరు అను పేరే నా యభిప్రాయమున తప్పుపేరు. దెబ్బను గ్రహించునది స్ప్రింగు. గ్రహించిన శక్తిని అది దాచుకొనునే గాని హరింపజాలదు. మరల తిరిగి యిచ్చును. ఉయ్యాల నొకసారి ఊపి విడిచిన, పలుమాఱు లూగును గదా, అట్లే బండియు ఊగును. ఆ యూపును నూనె రాపిడిచే చంపి, వేడిగా మార్చి, గాలిలో కలుపునది షాక్ అబ్జార్బరు. స్ప్రింగు ఎంత గట్టిదైన, ఈ యూపు అంత వేగమగును, దానిని చంపుటయు అంత కష్టమగును. కావున పాత నూనెతో నీరసించిన షాక్ అబ్జార్బరుల నుంచుకొని స్ప్రింగులు మాత్రము గట్టివి వేయువాడు, బండిని కప్పవలె గెంతించుటకే ధనము వెచ్చించుచున్నాడని చెప్పవలెను. గెంతిన చక్రము నేలను విడుచును; నేల విడిచిన చక్రమునకు మలుపునందును పట్టు లేదు, బ్రేకునందును పట్టు లేదు.

స్పోర్ట్సు కారనగా గట్టిగా నుండవలెనను నమ్మకము లోకమున బలముగా నున్నది. 1962 లోనే వెలువడిన లోటస్ ఎలాన్ ఈ నమ్మకమునకు మంచి సమాధానము. దాని స్ప్రింగులు మెత్తనివి. షాక్ అబ్జార్బరులును చక్రములను పట్టు చేతులును మాత్రము మిక్కిలి శ్రద్ధతో ఏర్పరచినవి. మలుపులలో దానికి సాటియైనవి ఆ కాలమున అరుదు. అంతకు ముందే, 1930 ప్రాంతముల అమెరికాలో జనరల్ మోటార్సు నందు పనిచేసిన మారిస్ ఆలీ అను ఇంజనీరు ఇంకొక సంగతి తేటపఱచెను. గుంటలో ముందుచక్రము మొదట పడును, వెనుకచక్రము పిదప పడును. వెనుకవైపు ఊపు కొంచెము త్వరగా సాగునట్లు స్ప్రింగుల నేర్పరచిన, ఆలస్యముగా బయలుదేరినను అది ముందువైపును కలిసికొనును. బండి ముందునకును వెనుకకును తూగాడక సమముగా లేచి దిగును. ముందు స్ప్రింగులను మాత్రమే గట్టివిగా మార్చువారు ఈ లెక్కను తలక్రిందు చేయుచున్నారు.

గుంటూరు జిల్లాకు చెందిన నా మిత్రుడొకడు చిరకాలముగా ఇంగ్లండున లీస్టరు నగరమున నివసించుచున్నాడు. అతడు 1971 నాటి ఎం.జి.బి. నొకటి కొనెను. తడిసిన బాటమీద మలుపు తిరుగునపుడు బండి చెప్పినట్లు వినుట లేదనియు, భార్య దానిలో నెక్కుటకు జంకుచున్నదనియు, కావున గట్టి స్ప్రింగులును లావు కడ్డీయు కొనబోవుచున్నాననియు నాకు వ్రాసెను. వెల వందలకొలది పౌనులు. నేను టైరుల వయస్సు అడిగితిని. టైరు ప్రక్కన చివరి నాలుగంకెలలో మొదటి రెండును వారమును, తర్వాతి రెండును సంవత్సరమును తెలుపును. 2000 నుండి ఈ పద్ధతియే. చూడగా అతని టైరుల వయస్సు పండ్రెండేండ్లు! గాడులు క్రొత్తవానివలె నున్నవి, కాని రబ్బరు కొయ్యబాఱినది. బండిని జాకీపై నెత్తి చూడగా క్రిందిచేతుల బుష్షులలో రబ్బరు పొడిపొడి యైనది. వెనుక షాక్ అబ్జార్బరు ఒకదానిలో నూనె సగమే యున్నది. ఈ మూడును సరిచేసిన పిమ్మట బండి దారికి వచ్చెను. స్ప్రింగుల మాట అతడు మరల ఎత్తలేదు. కడ్డీ మాత్రము మఱుసటి యేడు కొనెను. దానికి నే నడ్డు చెప్పలేదు.

బుష్షులను గూర్చి ఒక మాట. 1973 మొదలు 1976 వఱకు ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో తయారైన జి.టి. వి8 అను కారునకు ఉక్కుగొట్టమునకు అతికిన రబ్బరు బుష్షులు వేసిరి. అవి సామాన్యమైన ఎం.జి.బి. ముందుచేతులకును సరిపోవును. వెల తక్కువ, మన్నిక యెక్కువ. పాలీయురెథేన్ బుష్షులు అంతకంటె గట్టివి. స్టీరింగు చుఱుకగును, నిజమే. కాని పొడిగా నున్నచో కిఱ్ఱుమని యఱచును, బాటలోని ప్రతి గులకరాతిని కూర్చున్నవానికి తెలియజేయును. పందెములకు పోవువానికి అవి తగును. కుటుంబముతో విహారమునకు పోవువానికి వి8 బుష్షులే మేలని నా మతము.

ఇక కడ్డీ. మలుపులో బండి ప్రక్కకు ఒరుగకుండ రెండు చక్రములను కలిపి యుంచు ఉక్కుకడ్డీ యిది. దీని గట్టిదనము మందముతో పాటు సమముగా పెరుగదు. మందము యొక్క నాలుగవ ఘాతముతో పెరుగును. అంగుళములో అయిదెనిమిదవవంతుల కడ్డీని తీసి ముప్పాతిక అంగుళపు కడ్డీ వేసిన, చూపునకు భేదము స్వల్పమే. గట్టిదనము మాత్రము రెండింతలకు మించును. ఇందు తెలియవలసిన గుట్టొకటి గలదు. మలుపులో బరువు లోపలి చక్రమునుండి వెలుపలి చక్రమునకు మాఱును. వెలుపలి టైరు పొందిన పట్టుకంటె లోపలి టైరు కోల్పోయిన పట్టే యెక్కువ. కావున ఏ కొసను కడ్డీ గట్టిపడునో, ఆ కొస పట్టు కొంత తగ్గును. ముందు గట్టిపడిన, బండి మలుపు తిరుగుటకు కొంత మొండికేయును. దాని నెట్టివాడైనను వేగము తగ్గించి సరిదిద్దుకొనగలడు. వెనుక గట్టిపడిన, తోక జారును; వానలో ఆ తోకను తిరిగి పట్టుట అందఱికిని సాధ్యము కాదు. ముందు కడ్డీతో తృప్తిపడి వెనుక కడ్డీ జోలికి పోకుండుట మంచిది.

1974 చివరనుండి వచ్చిన కార్లకు ఈ విషయమున ప్రత్యేక చరిత్ర యున్నది. అమెరికా చట్టములకు లోబడి ఆ కార్లకు పెద్ద నల్లని బంపరులు తగిలించి, బండిని ఒక అంగుళమునకు పైగా ఎత్తుచేసిరి. చాలనట్లు, తెఱపికప్పు కారునకు ముందు కడ్డీ తీసివేసిరి! బండి ఎత్తై, కడ్డీ లేక, మలుపులలో పడవవలె ఒఱగినదని జనులు మొఱపెట్టిరి. 1976 లో ముందువెనుకల కడ్డీలు వేసి ఆ దోషమును చాలవఱకు దిద్దిరి. ఈ నడిమి రెండేండ్ల బండి గలవానికి కడ్డీ అలంకారము కాదు, అవసరము.

ఎత్తు తగ్గించుటకు పెక్కురు వెనుక ఇరుసునకును కమానుకట్టకును నడుమ ఇనుపదిమ్మలు పెట్టుదురు. చవకపని. ఇరుసును పట్టియుంచునది కమానుకట్టయే యని ముందు చెప్పితిని గదా. దిమ్మ పెట్టిన ఇరుసునకు ఆ కట్టను మెలిపెట్టుటకు పొడవైన మీట దొరకినట్లగును. గట్టిగా యాక్సిలరేటరు త్రొక్కినపుడు కట్ట మెలిపడి, విడి, ఇరుసు దడదడలాడును. వంపు తక్కువగా చేసిన క్రొత్త కమానుకట్టలు వేయించుటయే సరియైన దారి. ముందువైపు తగ్గింపు అర అంగుళమునకు మించకున్న మంచిది. మించిన, చక్రము పైకి లేచుటకు చోటు చాలక రబ్బరు అడ్డుకు కొట్టుకొనును.

లీవరు షాక్ అబ్జార్బరులను తీసి గొట్టపువి వేయవచ్చునా యని అడుగుదురు. వెనుక వేయవచ్చును, సులభము. ముందు మాత్రము ఆ లీవరే పైచేయి గనుక దానిని ఊరక తీసివేయ వీలులేదు. బాగుగా మరమ్మతు చేసిన లీవరు షాక్ అబ్జార్బరు సామాన్యపు వాడుకకు ఏమియు తీసిపోదు.

ఇదంతయు చేయకముందే బండిని బోర్లించినంత శ్రద్ధతో క్రిందినుండి చూడవలెను. ఎం.జి.బి.కి వేరు చట్రము లేదు. రేకుతో చేసిన శరీరమే చట్రము. తలుపుల క్రింది పెట్టెదూలములును, వెనుక కమానుకట్టల ముందుకొసలు తగిలియుండు చోటులును త్రుప్పుపట్టి యున్నచో, ఎట్టి స్ప్రింగు వేసినను అది కుళ్లిన గోడకు మేకు కొట్టినట్లే. ఆ ధనము ముందు వెల్డింగు వానికి పోవలెను. కింగ్ పిన్నుల విషయమున, చక్రములను నేలనుండి ఎత్తి గ్రీజు పట్టించిననే అది లోనికి చొచ్చును. బరువు మీద నుండగా పెట్టిన గ్రీజు వెలుపలికి కారిపోవును.

బిగింపులో రెండు జాగ్రత్తలు. వి8 బుష్షుల బోల్టులను చక్రము వ్రేలాడుచుండగా బిగింపరాదు. బండిని నేలపై దింపి, దాని బరువు దానిపై పడిన పిదపనే బిగింపవలెను. లేకున్న రబ్బరు ఎల్లప్పుడును మెలితిరిగి యుండి కొద్ది నెలలలోనే చిరుగును. ఎత్తు మాఱిన ప్రతిసారియు ముందుచక్రముల వరుస కొలిపించవలెను. ఈ బండికి చక్రముల ముందంచులు అంగుళములో పదునాఱవవంతు మొదలు ముప్పదిరెండింట మూడువంతుల వఱకు లోపలికి మొగ్గియుండవలెను. వంద మైళ్లు నడిపిన పిదప బోల్టులను మరల నొకసారి పట్టిచూచుట మఱవరాదు.