తీగ వచ్చినంతనే సేవ వచ్చినట్లు కాదు

పంచాయతీ సభ్య మహాశయులారా!

2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించినది. హైదరాబాదు ఎస్.ఆర్. నగర్ వంటి పేటలలో సైతము, ఇంటికి క్రొత్తగా టెలిఫోను వచ్చినంత మాత్రమున అది లభించెడిది కాదు. ఎక్స్ఛేంజిలో ఆ తీగను ప్రత్యేక యంత్రమునకు కలుపవలెను; ఇంట మోడెము అమర్చవలెను. రాగితీగ పొడవు పెరిగినకొలది వేగము తగ్గెడిది.

2011లో కేంద్రము ఆమోదించిన పథకము నేడు భారత్‌నెట్ అను పేర పంచాయతీలకు ఫైబరు తీగను చేర్చుచున్నది. ఇందు దూరపు బాధ స్వల్పము. అయినను, కార్యాలయమునకు తీగ చేరుటతో మన పని ముగియదు. యంత్రమునకు నిరంతరము విద్యుత్తు ఉండవలెను. పాఠశాలకు, ఆరోగ్య కేంద్రమునకు కనెక్షను కోరుచు తీర్మానించి పంపవలెను. నీటి గొట్టములకై త్రవ్వుటకు ముందు తీగ దారి తెలిసికొనవలెను. తెగినచో వెంటనే తెలియజేయు బాధ్యతను ఒక సభ్యునకు అప్పగింపుడు. గోడకు వ్రేలాడు పెట్టె గ్రామమునకు ఉపయోగపడుట మీ శ్రద్ధపై ఆధారపడియున్నది.