చక్రంలో మోటారు: వేడి, బ్రేకు

రేడియో వింటూనే ఒకసారి తలెత్తి సీలింగ్ ఫ్యాను చూడండి. రెక్కలు తిరుగుతున్నాయి, రెక్కలు బిగించిన నడిమి గిన్నె కూడా తిరుగుతోంది. పైకప్పు నుంచి దిగిన కడ్డీ మాత్రం కదలదు. గిన్నె లోపల ఆ కడ్డీనే పట్టుకుని రాగితీగ చుట్లు ఉంటాయి. అవీ కదలవు. కరెంటు తక్కువ ఖర్చవుతుందని ఈమధ్య కొంటున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లలోనైతే గిన్నె లోపలి అంచు వెంట అయస్కాంతాలు వరసగా అతికించి ఉంటాయి. ఇప్పుడు ఆ ఫ్యానును ఊహలోనే కిందికి దించి, పక్కకు తిప్పి, రెక్కలు తీసేసి, వాటి చోట స్పోకులు బిగించండి. ఎలక్ట్రిక్ సైకిలు వెనక చక్రం మధ్యలో కనిపించే గుండ్రటి డబ్బా అదే. దాన్నే హబ్ మోటారు అంటారు. ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కాంటన్ పట్టణానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ చక్రంలోనే మోటారు ఉన్న సైకిలుకు 1895 డిసెంబరు 31న పేటెంటు పొందాడు.

మన దేశంలో 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న ఈ సైకిళ్ళకు లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. అందుకే ట్యూషనుకు వెళ్ళే పిల్లలూ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళూ ఎవరూ ఏమీ నేర్పకుండానే వీటిని ఎక్కేస్తున్నారు. వాళ్ళకోసమే ఈ నాలుగు మాటలు.

మొదట వేడి సంగతి. రాగితీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. పైగా కాగినకొద్దీ రాగి కరెంటును ఇంకా ఎక్కువగా అడ్డుకుంటుంది. తీగ 100 డిగ్రీలు వేడెక్కితే ఆ అడ్డు దాదాపు 40 శాతం పెరుగుతుంది. అంటే వేడే మరింత వేడిని పుట్టిస్తుంది.

మరి ఆ వేడి బయటికెలా పోవాలి? మిక్సీ అడుగున గాలి కన్నాలుంటాయి, లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. సైకిలు వానలో తడవాలి, బురదలో నడవాలి కాబట్టి హబ్ మోటారును గట్టిగా మూసేస్తారు. వేడి పుట్టేదేమో కదలని నడిమి చుట్లలో, గాలి తగిలేదేమో తిరిగే పై డబ్బాకు. రెండింటికీ మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటుగా సన్నటి సందు, అందులో గాలి. స్వెట్టరు మనల్ని వెచ్చగా ఉంచేది దాని దారాల మధ్య చిక్కుకున్న గాలి వల్లే. అలాంటి స్వెట్టరు తొడుక్కుని ఎండలో బరువు మోసే కూలీ అనుకోండి ఈ మోటారు.

చాలామంది వేగంగా పోతే మోటారు కాలిపోతుందనుకుంటారు. అసలు ప్రమాదం నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు. వెనక ఒక మనిషి, ముందు బియ్యం సంచి, ఎదురుగా ఫ్లైఓవరు. సైకిలు నడక వేగానికి పడిపోయింది, ఎక్సలేటర్ మాత్రం పూర్తిగా తిప్పి ఉంచారు. అప్పుడు బ్యాటరీ ఇస్తున్న శక్తిలో పెద్ద భాగం చక్రానికి చేరదు, చుట్లలోనే వేడిగా మిగిలిపోతుంది. చక్రం పూర్తిగా నిలిచిపోయినా ఎక్సలేటర్ వదలకపోతే పుట్టేదంతా వేడే. పిండి గట్టిపడి మిక్సీ మూలిగినప్పుడు వచ్చే మాడు వాసన ఇంట్లో వంట చేసే ప్రతివాళ్ళకూ తెలుసు. రాగితీగ మీది పూత కాలే వాసన అది. మిక్సీకైతే అడుగున బటన్ టక్కున పడి కాపాడుతుంది. అన్ని సైకిళ్ళకూ అలాంటి కాపలా ఉండదు. పూత కాలితే తీగలు ఒకదానికొకటి తగిలి మోటారు పోతుంది. అయస్కాంతాలు మితిమీరి కాగితే బలం తగ్గుతుంది, చల్లారినా ఆ బలం తిరిగి రాదు.

కాబట్టి ఎత్తు కనిపించగానే పెడల్ తొక్కండి. మీరు కొంచెం సాయం చేసినా చక్రం వేగం నిలబడుతుంది, మోటారు ఊపిరి పీల్చుకుంటుంది. మాడు వాసన వస్తే దిగి, నీడన అరగంట ఆపండి. కాగిన డబ్బా మీద చన్నీళ్ళు మాత్రం పోయకండి. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఆ పీల్పుకు తీగలు బయటికొచ్చే చోటు నుంచీ, బేరింగుల పక్క నుంచీ నీళ్ళు లోపలికి పోతాయి. మోటారు చల్లారాకే సైకిలు కడగండి.

ఈ గాలి సందును జయించడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ అనే ఇంజనీరు అయస్కాంతానికి అతుక్కునే నల్లటి ద్రవాన్ని తయారుచేశాడు. భారం తెలియని అంతరిక్షంలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో కదిలించాలని ఆయన ప్రయత్నం. అదే జాతి ద్రవాన్ని ఇప్పుడు కొందరు హబ్ మోటారులో కొన్ని మిల్లీలీటర్లు పోస్తున్నారు. అయస్కాంతాలు దాన్ని ఆ సందులోనే పట్టి ఉంచుతాయి. వేడి దానిమీదుగా, వంతెన దాటినట్టు, పై డబ్బాకు చేరుతుంది.

ఇక బ్రేకు. ఒక మెకానిక్ దుకాణంలో చూసింది చెబుతాను. విప్పి బల్ల మీద పెట్టిన చక్రం. దాని నుంచి మూడు లావు తీగలు వేలాడుతున్నాయి: పసుపు, ఆకుపచ్చ, నీలం. మెకానిక్ చక్రాన్ని చేత్తో తిప్పాడు, సులువుగా తిరిగింది. తరవాత ఆ మూడు తీగల కొనలూ కలిపి పట్టుకుని, ‘ఇప్పుడు మీరు తిప్పండి సార్’ అన్నాడు. నేను తిప్పబోతే చక్రం బురదలో కూరుకుపోయినట్టు మొరాయించింది. తీగలు విడదీశాడు, మళ్ళీ తేలికగా తిరిగింది. తిరిగే అయస్కాంతాలు చుట్లలో కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటు తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. ఆ కరెంటును, మోటారుకూ బ్యాటరీకీ మధ్య ఉండే కంట్రోలర్ అనే పెట్టె, బ్యాటరీకి మళ్ళిస్తే సైకిలు నెమ్మదిస్తుంది, చార్జింగూ ఎక్కుతుంది. దీన్నే రీజెన్ బ్రేకింగ్ అంటున్నారు.

ఆగిన ప్రతిసారీ చార్జింగ్ ఎక్కుతుందని షాపుల్లో ఊరిస్తారు. లెక్క చూద్దాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు, వేగం గంటకు 25 కిలోమీటర్లు. పూర్తిగా ఆగితే దొరికేది, ఒక్క చుక్క పోలేదనుకున్నా, ఒక వాట్ అవర్‌లో మూడింట రెండొంతులు. బ్యాటరీ పట్టేది 360 వాట్ అవర్లయితే, అది నిండాలంటే 500 సార్లకు పైగా ఆగాలి. కాబట్టి చార్జింగ్ కోసమని రీజెన్ ఉన్న సైకిలుకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

దాని విలువ తెలిసేది పల్లంలో. 300 మీటర్ల కొండ అనుకోండి, సింహాచలం కొండ దాదాపు అంత. అదే 100 కిలోలతో దిగితే బ్రేకులూ గాలీ కలిసి మింగాల్సిన శక్తి లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచేంత. అదంతా బ్రేకు షూల మీదే పడితే రిమ్ము కాలి ట్యూబు పగలొచ్చు, ప్యాడ్ల పట్టు సడలొచ్చు. అందులో కొంత మోటారు పంచుకుంటే మేలే. కానీ ఆ పంచుకోవడంలోనూ చుట్లు కాగుతాయి.

మోటారునే నమ్ముకోకూడదనడానికి వేరే కారణాలూ ఉన్నాయి. బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఇంకా తీసుకోలేదు, కంట్రోలర్ రీజెన్‌ను ఆపేస్తుంది. కొండమీద చార్జింగ్ నింపుకుని దిగేవాళ్ళకు సరిగ్గా అవసరమైన చోటే అది చేతికి రాదు. వేగం తగ్గేకొద్దీ దాని పట్టూ తగ్గుతుంది, వాలులో సైకిలును నిలబెట్టి ఉంచలేదు. పైగా మోటారు ఉండేది ఎక్కువగా వెనక చక్రంలో. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలి వెనక చక్రం తేలికవుతుంది, తడి రోడ్డు మీద జారుతుంది.

మీ సైకిలుకు రీజెన్ వచ్చే వీలుందో లేదో తెలుసుకోవాలంటే, స్విచ్ ఆపి సైకిలును చేత్తో నెట్టి చూడండి. ముందుకు తేలిగ్గా పోయి, వెనక్కి మాత్రం బరువుగా లాగితే లోపల పళ్ళ చక్రాలున్న చిన్న మోటారు అన్నమాట. అది ఎత్తులో బాగా లాగుతుంది. కానీ పల్లంలో చక్రం దానికదే తిరుగుతుంది కాబట్టి సాధారణంగా మోటారు బ్రేకుకు సాయపడదు.

రీజెన్ ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనించండి. మోటారు ఇరుసును ఒకసారి ఇటు, ఒకసారి అటు మెలిపెడుతుంది. ఆ కుదుపులకు ఇరుసు రెండు కొనల నట్లు వదులవుతాయి. ఇరుసు జారి తిరిగిందంటే తీగలు తెగుతాయి, చక్రం ఊడినా ఊడొచ్చు. నెలకోసారి స్పానరు పెట్టి ఆ రెండు నట్లూ బిగించండి.

సైకిళ్ళ ప్రకటనల్లో వాట్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, బ్రేకు గురించి ఒక్క ముక్క ఉండదు. కొనేటప్పుడు మీరైనా అడగండి. రేపు పొద్దున పిల్లలకు సైకిలు ఇచ్చేముందు ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి, సైకిలును ముందుకు తోసి చూడండి. బ్రేకు నొక్కిన చక్రం తిరిగితే ఆ పూట సైకిలు బయటికి తియ్యకండి.