ఇంగ్లండ్‌లో ఇయర్ 11 తర్వాత: సిక్స్త్ ఫామ్ ఎక్కడ?

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఒకటే. "మా బాబుకి ఇయర్ 11 అయిపోతోంది, తర్వాత ఏ కాలేజీలో వెయ్యాలి?" అని. ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చి మూడు నాలుగేళ్లయినవాళ్లు అడుగుతున్నారు. ఆ "వెయ్యాలి" అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. మన దగ్గర పిల్లల్ని కాలేజీలో వేస్తాం. ఇక్కడ పిల్లలే అప్లై చేసుకుంటారు, ఇంటర్వ్యూ ఉంటే వాళ్లే వెళ్తారు, ఫారంలో "ఈ సబ్జెక్టులు ఎందుకు తీసుకుంటున్నావు" అన్న ప్రశ్నకి వాళ్లే రాస్తారు. మనం బయట కుర్చీలో కూర్చుంటాం. అది మింగడానికి మా ఇంట్లో కొంచెం టైం పట్టింది.

నేను చెప్పేది ఇంగ్లండ్ సంగతి మాత్రమే. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు. ఇక్కడ పదహారేళ్లకి జీసీఎస్ఈలు రాస్తారు, 9 నుంచి 1 దాకా గ్రేడ్లు, ఆగస్టులో ఒక గురువారం రిజల్ట్స్ ఇస్తారు. చదువు అక్కడితో మానేస్తానంటే కుదరదు. 2015 నుంచి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏదో ఒక చదువులోనో, అప్రెంటిస్‌షిప్‌లోనో, పనిచేస్తూ ట్రైనింగ్‌లోనో ఉండాలి. మ్యాథ్స్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ 4 రాకపోతే, సిక్స్త్ ఫామ్‌లో చేరినా ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి.

ఇక ఎక్కడ చదవొచ్చు? చదువుతున్న స్కూల్లోనే సిక్స్త్ ఫామ్ ఉంటే అక్కడే రెండేళ్లు ఉండిపోవచ్చు. లేదంటే సిక్స్త్ ఫామ్ కాలేజీ. అంటే పదహారు నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లకే ప్రత్యేకంగా ఉండే కాలేజీ. 1992లో వచ్చిన చట్టంతో ఇవి కౌన్సిళ్ల చేతిలోంచి బయటికొచ్చి సొంతంగా నడుస్తున్నాయి. కేంబ్రిడ్జ్‌లో హిల్స్ రోడ్, వించెస్టర్‌లో పీటర్ సైమండ్స్ లాంటివి పేరున్నవి, వేల మంది చదువుతారు. మూడోది ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ, అక్కడ చేతిపని కోర్సులు ఎక్కువ. డబ్బు కట్టే ప్రైవేటు వాటి గురించి నేను మాట్లాడను, 2025 జనవరి నుంచి ఆ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడింది, మాకు అందేది కాదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మా పక్కింటి అబ్బాయి పదహారేళ్లకే "బీటెక్ చేస్తున్నా ఆంటీ" అన్నాడు. తెనాలి నుంచి వచ్చిన మా మావయ్యగారు అది విని రెండు రోజులు మథనపడ్డారు. "ఇంటర్ లేకుండా బీటెక్ ఎలా ఇచ్చారమ్మా?" అని. ఆ బీటెక్ మన బీటెక్ కాదండీ. బిజినెస్, హెల్త్, ఐటీ లాంటి వాటిలో ఏ లెవెల్ స్థాయిలో ఉండే కోర్సు, ఎక్కువగా కోర్సువర్కు మీద నడుస్తుంది. చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి, మెడిసిన్ లాంటి వాటికి మాత్రం సాధారణంగా సరిపోదు. 2020 నుంచి టీ లెవెల్స్ అని కూడా వచ్చాయి, ఒక టీ లెవెల్ మూడు ఏ లెవెల్స్‌తో సమానం, అందులో కనీసం 315 గంటలు ఏదైనా కంపెనీలో పనిచెయ్యాలి. వీటి మీద ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఇవాళ ఏ లెవెల్స్ వరకే.

మేముండేది తూర్పు లండన్‌లో, ఈస్ట్ హామ్ పక్కన. తెలుగు మాట చెవిన పడకుండా హై స్ట్రీట్ దాటలేం. మా దగ్గర సిక్స్త్ ఫామ్ అంటే పెద్ద చర్చే. ఎందుకంటే 2021లో ఇక్కడి బ్రాంప్టన్ మేనర్ పిల్లలకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల నుంచి 55 ఆఫర్లు వచ్చాయి. అదే ఏడు ఈటన్‌కి 48. ఏళ్ల తరబడి పేదరికానికి పేరుపడ్డ న్యూహామ్ నుంచి, ఫ్రీ మీల్స్ తినే పిల్లలు కూడా ఉన్న బడి నుంచి అన్ని ఆఫర్లంటే మాటలు కాదు. అక్కడి టీచర్లకి, పిల్లలకి దండం పెట్టాలి. ఈస్ట్ హామ్ పాత టౌన్ హాల్లో న్యూహామ్ కాలేజియేట్ ఉంది, స్ట్రాట్‌ఫర్డ్‌లో లండన్ అకాడమీ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. బస్సు దూరంలో ఇన్ని ఉండటం అదృష్టమే.

కానీ ఆ అంకెలు వినగానే మన తెలుగువాళ్లకి ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు. ఇంటర్ రిజల్ట్స్ రోజు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరి తీసుకోకుండా చదివే యాడ్. మా వారు సరిగ్గా ఆ చెవితోనే విన్నారు. "ర్యాంకులున్నచోట వేసేద్దాం, అయిపోతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ యాడ్‌లో మనకి ఎప్పుడూ చెప్పని లెక్క ఒకటుంటుంది: ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు అని. ఇక్కడా అదే అడగాలి.

ఎందుకంటారా? 2017లో ఆర్పింగ్టన్‌లోని సెయింట్ ఒలేవ్స్ అనే గ్రామర్ స్కూల్ సంగతి పేపర్లలో వచ్చింది. ఇయర్ 12 చివర్లో తగినన్ని బీ గ్రేడ్లు రాని పిల్లల్ని ఇయర్ 13కి రానివ్వమన్నారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కితే స్కూలు వెనక్కి తగ్గి పిల్లల్ని తిరిగి తీసుకుంది. చదువుతున్న పిల్లని సగంలో "నువ్వు మా పర్సంటేజీ పాడుచేస్తావు" అని పంపేస్తే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? ఇంకో కాలేజీలో మళ్లీ మొదటి ఏడు చదవాలి, అక్కడ ఎగ్జామ్ బోర్డు వేరైతే సిలబస్ కూడా మారుతుంది. అందుకే ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్లినప్పుడు బిస్కెట్లు, బ్యానర్లు చూడటం అయ్యాక ఎవరో ఒక టీచర్ని పట్టుకుని నేరుగా అడగండి: "ఇయర్ 12 పరీక్షల్లో మార్కులు తగ్గితే ఏం చేస్తారు? పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది ఇయర్ 13 పూర్తిచేశారు?" మేము నాలుగు చోట్ల అడిగాం. రెండు చోట్ల ఠక్కున అంకె చెప్పారు. ఒక చోట వెబ్‌సైట్ చూడమన్నారు. ఇంకో చోట ఆవిడ నవ్వి, మాట మార్చి, కొత్త ల్యాబ్ చూపించారు. ల్యాబ్ బాగానే ఉంది.

ప్రభుత్వం వెబ్‌సైట్‌లో ప్రతి కాలేజీకీ ప్రోగ్రెస్ స్కోర్ అని ఒకటి పెడతారు. జీసీఎస్ఈలో అదే స్థాయిలో వచ్చిన దేశంలోని మిగతా పిల్లలతో పోలిస్తే ఇక్కడి పిల్లలు ఎంత ముందుకెళ్లారో అది చెప్తుంది. అన్నీ 8లు, 9లు వచ్చినవాళ్లనే చేర్చుకుని ఏ గ్రేడ్లు తెప్పించడం ఒక పని. 5లు, 6లతో వచ్చిన పిల్లకి బీ తెప్పించడం ఇంకో పని. నా మటుకు నాకు రెండోదే పెద్ద పని.

ఇప్పుడు సబ్జెక్టులు. మనకి ఎంపీసీ, బైపీసీ అని పొట్లాలు కట్టి ఇస్తారు. ఇక్కడ పొట్లాం లేదు, మూడు సబ్జెక్టులు నువ్వే ఏరుకో అంటారు. లెక్కలు, కెమిస్ట్రీ, హిస్టరీ కలిపి చదవొచ్చు. ఈ స్వేచ్ఛ మనకి భయంగా ఉంటుంది, అందుకే మనవాళ్లు ఎక్కువగా ఎంపీసీనే ఇక్కడ మళ్లీ కడతారు. మీకు తెలియాల్సినవి కొన్ని చెప్తాను. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి పెద్ద యూనివర్సిటీలు అడిగేది లెక్కలు, కంప్యూటర్ సైన్స్ ఏ లెవెల్ కాదు. ఎల్ఎస్ఈలో ఎకనామిక్స్‌కి లెక్కలు తప్పనిసరి, ఎకనామిక్స్ చదివి ఉండక్కర్లేదు. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ రెండూ ఉంటే దాదాపు ఎక్కడికైనా అప్లై చేసుకోవచ్చు, ఫిజిక్స్ అవసరం లేదు. ఇంపీరియల్‌లో మ్యాథ్స్ డిగ్రీకి ఫర్దర్ మ్యాథ్స్ కావాలి. ఈ ఫర్దర్ మ్యాథ్స్ దగ్గరే కాలేజీ ఎంపిక తేలిపోతుంది చాలాసార్లు. చిన్న స్కూల్ సిక్స్త్ ఫామ్‌లో ఆ సబ్జెక్టుకి నలుగురే వస్తే క్లాసు నడపడం కష్టం, ఒక్కోసారి పక్క స్కూలుకి పంపిస్తారు. పెద్ద కాలేజీలో రెండు మూడు సెక్షన్లుంటాయి. హిస్టరీతో కెమిస్ట్రీ కుదురుతుందా అన్నది కూడా అంతే, టైంటేబుల్లో రెండూ ఒకే బ్లాకులో పడితే ఒకటి వదులుకోవాలి. ప్రాస్పెక్టస్‌లో ఉంది కదా అని నమ్మకండి, "ఈ మూడూ కలిపి ఇస్తారా" అని రాతపూర్వకంగా అడగండి.

మా పెద్దమ్మాయికి కావాల్సింది సరిగ్గా ఆ మూడే. లా చదువుతానంటుంది. తెనాలి నుంచి తాతయ్య ఫోన్‌లో, "లా చదవడానికి లండన్ దాకా పోవాలా, గుంటూర్లో లేదా?" అని. లా డిగ్రీకి ఇక్కడ ఫలానా సబ్జెక్టే ఉండాలని లేదు, మంచి గ్రేడ్లుండాలి. చివరికి దానికి మూడు ఆఫర్లు వచ్చాయి. యూకాస్ లాగా అందరికీ ఒకే ఫారం, ఐదే ఛాయిస్‌లు అన్న నియమం సిక్స్త్ ఫామ్‌కి లేదు కాబట్టి రిజల్ట్స్ దాకా మూడూ చేతిలో పెట్టుకోవచ్చు. ఒకటి బాగా పేరున్నది, ఆఫీసు బట్టలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే. ఇంకోటి దాని స్కూలే. మూడోది పెద్ద సిక్స్త్ ఫామ్ కాలేజీ.

మా వారిది మొదటిది. ఆయన ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో చదివారు, పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు ఆపడం. "అలా కూర్చోబెడితేనే నేనిక్కడున్నాను" అంటారు. కాదనలేను. కానీ ఆయన రూమ్మేట్ ఒకతను రెండో ఏడు మధ్యలో ఇంటికెళ్లిపోయి మళ్లీ పుస్తకం పట్టలేదు, ఆ సంగతి కూడా ఆయనే చెప్పారు నాకు, పెళ్లయిన కొత్తలో. అమ్మాయి ఏమందంటే, "నాన్నా, నాకు భయం చదువంటే కాదు. యూనివర్సిటీలో నన్నెవరూ కూర్చోబెట్టరు కదా, అప్పుడు నేర్చుకోవాలా అది?" అంది. ఆయన ఏమీ అనలేదు. లేచి టీ పెట్టుకున్నారు.

అది పెద్ద కాలేజీకే వెళ్లింది. అక్కడ ఒక్కో సబ్జెక్టుకి వారానికి నాలుగైదు గంటలే క్లాసు. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీయే అసలు పరీక్ష, ఇది మీ పిల్లలకి ముందే చెప్పండి. అక్టోబరులో మొదటి కెమిస్ట్రీ టెస్టులో దానికి ఈ గ్రేడ్ వచ్చింది. జీసీఎస్ఈలో 8 వచ్చిన పిల్లకి. ఆ వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. సబ్జెక్టు మార్చుకోవాలంటే సాధారణంగా మొదటి ఆరు వారాల్లోపే, కాబట్టి ఆలోచించడానికి రోజులే ఉన్నాయి. అది మార్చుకోలేదు. మధ్యాహ్నం ఖాళీల్లో టీచర్ నడిపే కెమిస్ట్రీ వర్క్‌షాప్‌కి వెళ్లడం మొదలుపెట్టింది. ఇయర్ 12 చివర్లో బీ. ఇప్పుడు ఇయర్ 13, యూకాస్ ఫారం పంపింది, ఒక ఆఫర్‌లో కెమిస్ట్రీకి ఏ అడిగారు. వస్తుందో రాదో ఆగస్టులో తెలుస్తుంది. మా వారు ఇప్పటికీ ఒప్పుకోలేదు, అప్పుడప్పుడు ఆ మొదటి కాలేజీ ముందు నుంచే బస్సు వెళ్తుంది, ఆయన కిటికీలోంచి చూస్తారు.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. ప్రభుత్వ సిక్స్త్ ఫామ్‌కి ఫీజు లేదు, పని వీసా మీద ఉన్న తల్లిదండ్రులతో ఉంటున్న పిల్లలకి కూడా సాధారణంగా ఉచితమే, వీసా రుజువు మాత్రం అడుగుతారు. లండన్‌లో 16 ప్లస్ జిప్ ఆయిస్టర్ కార్డు తీసుకుంటే బస్సులు ఫ్రీ. అసలు చిక్కు తర్వాత వస్తుంది, యూనివర్సిటీ దగ్గర. హోమ్ ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు. అది దొరకాలంటే సాధారణంగా కోర్సు మొదలయ్యే నాటికి పిల్లకి సెటిల్డ్ స్టేటస్ ఉండాలి, అంతకు ముందు మూడేళ్లు ఇక్కడే ఉండి ఉండాలి. లేకపోతే ఇంటర్నేషనల్ ఫీజు, దానికి రెండు మూడు రెట్లు. ఐఎల్ఆర్ ఎప్పుడొస్తుందో, కోర్సు ఎప్పుడు మొదలవుతుందో ఆ రెండు తేదీలు ఇయర్ 12లోనే పక్కపక్కన రాసుకుని చూడండి. సిక్స్త్ ఫామ్ ఎంపిక హడావుడిలో ఈ లెక్క మర్చిపోయినవాళ్లు నాకు తెలుసు, చివర్లో చాలా కష్టపడ్డారు.

ఓపెన్ ఈవెనింగ్స్ ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు, నవంబరుల్లో ఉంటాయి. అప్లికేషన్లు చాలాచోట్ల డిసెంబరు, జనవరికల్లా ముగుస్తాయి, తేదీ ఒక్కో చోట ఒక్కోలా. రిజల్ట్ అనుకున్నట్టు రాకపోతే కంగారు పడకండి, ఆ గురువారమే పొద్దున ఫోన్లు చెయ్యండి, మూడు ఆఫర్లున్నవాళ్లు రెండు వదిలేస్తారు కాబట్టి సీట్లు కదులుతాయి. ఎన్‌రోల్‌మెంట్‌కి రిజల్ట్ స్లిప్, పాస్‌పోర్టు, అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో చెప్పానుగా, మావయ్యగారిని హడలగొట్టిన ఆ రెండో బీటెక్ గురించి. ఉంటానండీ, నమస్తే.